క్యాసెట్టులో చెల్లెలు

దామరచర్ల అవతల, కాలువ గట్టు మీది తండాలో ఏ ఇంటికి కొత్త వస్తువు రావాలన్నా ముందు లింగ్యా చెవిన పడాలి. ఆయన సరేనంటే అది గడప దాటేది. పెదవి విరిస్తే మిర్యాలగూడ దుకాణంలోనే దుమ్ము పట్టేది. ఇది ఎవరో పెట్టిన కట్టుబాటు కాదు, ఆయన సంపాదించుకున్న పెద్దరికం. తండాలో మొదటి సంతకం ఆయనది. గట్ల వెంట దామరచర్ల బడికి నడిచి ఐదో తరగతి గట్టెక్కిన మొదటివాడు ఆయన. మిర్యాలగూడ రైసుమిల్లుల్లో బస్తాలెత్తే వాళ్లకు మేస్త్రీ అయ్యాడు. దరఖాస్తు మీద దరఖాస్తు పెట్టి, ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగి, తండాకు కరెంటు స్తంభాలు తెప్పించాడు. మొదటి రేడియో ఆయనదే, మొదటి టేపురికార్డరూ ఆయనదే. ఈ మాటలు ఆయన నోట వినని మనిషి ఆ చుట్టుపక్కల లేడు.

సలహాకు వచ్చినవాణ్ణి మంచమ్మీద కూర్చోబెట్టి, రెండు వైపులా చెప్పి గాని పంపేవాడు కాదు.

"కుక్కరు కొంటవా? కొను. పప్పు జల్ది ఉడుకుతది, కట్టెలు మిగులుతయి. గని అది ఈల ఏసి తండా మొత్తానికి చెప్తది, ఈళ్లింట్ల ఇయ్యాల పప్పని. గిన్నె పట్టుకొని వచ్చేటోళ్లు ఎక్కువైతరు, సూస్కో."

టీవీ సంగతైతే ఇంకోలా చెప్పేవాడు. "టీవీ పెడితే పొద్దుగూకేసరికి ఇల్లు నిండుతది. మంది ఉంటే మంచిదే. గని అందరు అటే సూస్తరు. నువ్వు ఏడ్చినా నీ మొహం సూసేటోడు ఉండడు."

టేపురికార్డరు గురించి అడిగితే మాత్రం ఒక్క లాభమే చెప్పేవాడు. మనిషి పోయినా గొంతు పోదు అనేవాడు. నష్టమేంటని అడిగితే బీడీ వెలిగించుకుని లేచిపోయేవాడు. భార్య కమ్లి ఒక్కదానికే తెలుసు, ఆ లేచిపోవడం ఎందుకో.

లంబాడీ ఆడవాళ్లు చాన్నాళ్లకు అయినవాళ్లను చూస్తే నవ్వుతూ పలకరించరు. మెడ చుట్టూ చేతులు వేసి, రాగం తీసి ఏడుస్తారు. కడసారి కలిసిన నాటి నుంచి నేటి దాకా ఇంట్లో ఏం పుట్టింది, ఏం పోయింది, ఏ పంట ఎండింది, అన్నీ ఆ ఏడుపులోనే చెప్తారు. దానికొక పద్ధతుంది. ఏడ్చే మనిషి తనంతట తాను ఆపకూడదు. ఎవరి మెడ పట్టుకుందో వాళ్లే "చాలు, అన్నీ విన్న" అని చేతులు విడిపించి, చెంబుతో నీళ్లివ్వాలి. ఆ నీళ్లు గొంతు దిగితేనే ఏడుపు తీరినట్టు. అలా తీరని ఏడుపు మంచిది కాదని పెద్దలు అనేవారు. ఎందుకు మంచిది కాదో ఎవరూ చెప్పేవారు కారు. తీరకుండా వదిలేసిన వాళ్లే లేరు మరి.

లింగ్యా చెల్లెలు మోతీబాయిని హాలియా దగ్గరి తండాకు ఇచ్చారు. ఏడుపులో ఆమెకు సాటి లేదు. పెళ్లికూతుళ్లకు ఎట్లా ఏడవాలో నేర్పడానికి ఆమెను బండి కట్టి మరీ తీసుకుపోయేవారు. ఎనభై ఏడు ఎండాకాలంలో ఆమె అన్నను చూడవచ్చింది. టేపురికార్డరు అప్పటికి ఇంట్లో కొత్త. మోతీబాయి గడపలో మూట దింపి, అన్న మెడ చుట్టూ అద్దాల రవిక చేతులు వేసింది. ఆమె గొంతు లేవగానే లింగ్యా ఒక చేయి చాపి బటన్ నొక్కాడు.

ఎర్రలైటు వెలిగింది. క్యాసెట్టు తిరుగుతోంది. ఆయన చూపు అక్కడే ఆగిపోయింది. చెల్లెలు ఎండిన చేను గురించి చెప్తోంది, కడుపు నిలవని కోడలి గురించి చెప్తోంది, తన గుండెల్లో నొప్పి గురించి చెప్తోంది. ఆయన తిరిగే చక్రాన్ని చూస్తూనే ఉన్నాడు. చెప్పడమైపోయి ఆమె గొంతు తగ్గింది. అన్న "చాలు" అంటాడని ఆగి ఆగి ఏడ్చింది.

"ఆపకు బాయీ," అన్నాడు లింగ్యా. "ఇంకా ఉంది టేపు. ఆపకు."

అన్న మాట తీసేయలేక ఆమె మళ్లీ ఎత్తుకుంది. ఆమె ఏడుస్తుండగానే టేపు అయిపోయి టక్కున బటన్ లేచింది. లింగ్యా ఆమె చేతులు గబుక్కున విడిపించుకుని, క్యాసెట్టు వెనక్కి తిప్పి, తండా అంతా వినేలా పెట్టాడు. వాకిట్లో జనం పోగయ్యారు. పెట్టెలోంచి మోతీబాయి ఏడుస్తుంటే, మోతీబాయి గడప పక్కన నిలబడి తన గొంతు తనే వింది.

"భియా, నీళ్లియ్యలేదు," అంది మెల్లగా. అన్నను వాళ్లు భియా అంటారు.

"కుండల ఉన్నయి, తాగరాదు!" అన్నాడాయన, పెట్టె మీంచి చూపు తిప్పకుండానే.

ఆమె తాగలేదు. తనకు తానుగా తాగేవి కావు ఆ నీళ్లు. ఆ వానాకాలంలోనే హాలియా దవాఖానలో ఆమె పోయింది. లింగ్యా వెళ్లేసరికి మట్టి కప్పేశారు.

దినం నాడు ఆయన క్యాసెట్టు పెట్టాడు. మనిషి పోయినా గొంతు పోలేదని అందరికీ చూపించాలనుకున్నాడు. మొదట ఆడవాళ్లు మెచ్చుకున్నారు. తర్వాత ఒక్కొక్కరే లేచారు. ముసలివాళ్లయితే చెవుల మీదికి కొంగు లాక్కుని వెళ్లిపోయారు. కమ్లి ఒక్కతే మిగిలింది. కొడుకు సక్రు పేరుతోనే ఆమె మొగుణ్ణి పిలిచేది.

"ఆపెయ్యి సక్రు బాపూ. ఆమె ఎవల మెడ పట్టుకొని ఏడుస్తుందిప్పుడు?"

"పిచ్చి మాటలు మాట్లాడకు. అది మిషను."

"మిషన్ల నువ్వన్న మాట వినబడ్తలేదా? ఆపకు అన్నవు. ఆపుతలేదు."

ఆ తర్వాత ఆయన మనుషుల ముందు దాన్ని పెట్టలేదు. తండా అంతా నాట్లకో కలుపులకో పోయిన మిట్టమధ్యాహ్నాల్లో, కుక్కలు కూడా నీడలు చూసుకుని పడుకున్నప్పుడు, తలుపు దగ్గరకు వేసి పెట్టుకునేవాడు. ఏటికేడు గొంతు పలచబడుతోంది. అది చూసి ఆయనకు లోపల్లోపల నిమ్మళంగా ఉండేది. అలసిపోతోంది, ఏదో ఒకనాటికి తనే నిద్రపోతుంది అనుకునేవాడు.

తొంభై నాలుగు వానల్లో, మోతీబాయి ఇంటి నుంచి దూడగా వచ్చిన తెల్లావు కాలువలో కొట్టుకుపోయింది. ఆ బాధలో ఒక మధ్యాహ్నం ఆయన క్యాసెట్టు పెట్టాడు. ఎండిన చేను వచ్చింది, కోడలు వచ్చింది, గుండెనొప్పి వచ్చింది. ఆ తర్వాత "ఆపకు బాయీ" అని తన గొంతు వచ్చింది. దాని వెంట ఎప్పుడూ వట్టి రాగమే ఉండేది. ఈసారి అందులో మాటలున్నాయి. నా తెల్లావు నీళ్లపాలయింది భియా, దాని మెడ గంట కాలువ అడుగున మోగుతోంది భియా, అని పాడుతోంది మోతీబాయి.

తలుపు సందులో కమ్లి అప్పుడే వచ్చి నిలబడి ఉంది. తల మీది గడ్డిమోపు ఇంకా దించలేదు.

"ఆవు పోయి నెల కాలేదు," అంది కమ్లి. "మోతి పోయి ఏడేండ్లాయె. ఆమెకెవలు చెప్పిండ్రు?"

కడసారి కలిసిన నాటి నుంచి నేటి దాకా జరిగినవన్నీ చెప్పడం ఆ ఏడుపు పద్ధతి. చెప్తూనే ఉంది. చెప్పమని అన్న అన్నాడు, చాలని అనలేదు. లింగ్యా క్యాసెట్టు తీసి, పాత తుండులో చుట్టి, వడ్ల గుమ్మి వెనక పెట్టాడు. ఐదేళ్లు దాన్ని ముట్టలేదు. అయినా ఎండాకాలం మధ్యాహ్నాల్లో గుమ్మి పక్కన పడుకున్నప్పుడు ఆయన మెడ చుట్టూ బరువుగా ఉండేది. లేచి చూసుకుంటే చెమట తప్ప ఏమీ ఉండేది కాదు.

తొంభై తొమ్మిదిలో కొడుకు సక్రు సూర్యాపేట నుంచి వచ్చాడు. అక్కడి బడిలో సారు. వాడిని చదివించడం తన విజయాలన్నిటికీ తలమానికమని లింగ్యా చెప్పుకునేవాడు. మేనత్త క్యాసెట్టు కోసమే వచ్చానన్నాడు సక్రు.

"బస్టాండు కాడ ఒక దుకాణం పెట్టిండ్రు బాపూ. పాత క్యాసెట్లన్ని కంప్యూటర్ల ఎక్కిచ్చి సీడీ చేసి ఇస్తుండ్రు. అత్త గొంతు ఎక్కిద్దాం."

"ఎక్కిస్తే ఏమైతది?"

"టేపు ఎంతన్నా అరుగుతది గదా. ఇంకో నాలుగేండ్లు ఆగితే ఏమీ వినబడదు. సీడీ అరగదు. ఎన్నిసార్లు పెట్టినా గట్లనే ఉంటది. ఒకటి నాకు, ఒకటి నీకు, హాలియాల బావోళ్లకు ఇంకోటి."

ఇంకెవరైనా చెప్పి ఉంటే లింగ్యా రెండు వైపులా లెక్క తీసేవాడు. మూడు ఇళ్లలో ఒకేసారి వినిపించడం లాభమే. అరగకపోవడం అంతకన్నా లాభం. ఇంత మంచి మిషను రాలేదని మంచమ్మీద కూర్చుని ఊరికి చెప్పదగ్గ సంగతి. కానీ ఆయన బీడీ కోసం జేబు తడుముకున్నాడు. పొయ్యి దగ్గర నుంచి కమ్లి అంది.

"గట్లనే అంటే, నువ్వూ నేనూ పోయినంక కూడా ఏడుస్తనే ఉంటదారా?"

"యాడీ, అది పాత రికార్డు. ఏడుపు కాదు," అని నవ్వాడు సక్రు. తల్లిని అలాగే పిలుస్తాడు. "బాపూ, జర నువ్వన్న చెప్పు. తండాకు కరెంటు తెచ్చినోడివి, సీడీకి భయపడ్తవా?"

ఆ దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. లింగ్యా తల ఎగరేశాడు. "నేను భయపడేది ఏంది! మాపటి బస్సుకు తీస్కపో. గప్పటిదాకా నా దగ్గర ఉండనీ."

సక్రు దామరచర్లలో పాత దోస్తులను చూడటానికి వెళ్లాడు. కమ్లి గడ్డికి పోయింది. తండా ఖాళీ అయింది. లింగ్యా కుండలోంచి చెంబు నిండా నీళ్లు ముంచాడు. టేపురికార్డరు తెచ్చి గుమ్మి మీద, నిలబడితే తన మెడ దాకా వచ్చే ఎత్తులో పెట్టాడు. ఎదురుగా నిలబడి బటన్ నొక్కాడు. ఈసారి చక్రాన్ని చూడలేదు. కళ్లు మూసుకుని పెట్టెకు మెడ ఆనించాడు.

మోతీబాయి గొంతు గాలిలా సన్నగా వచ్చింది. చేను ఎండిందని చెప్పింది. "అవును బాయీ," అన్నాడు. కోడలి సంగతి చెప్పింది. "అవును బాయీ." గుండెనొప్పి చెప్పింది. అప్పుడు అనాల్సిన మాట ఇప్పుడన్నాడు. "దవాఖానకు నేను తీస్కపోత." ఆమె గొంతు తగ్గింది. ఆగి ఆగి ఏడుస్తోంది. తన పాత గొంతు రాబోయే చోటు ఆయనకు తెలుసు. చెంబు ఎత్తి పట్టుకున్నాడు.

"ఆపకు బాయీ," అంది పెట్టెలోని పడుచు గొంతు.

"చాలు బాయీ!" అన్నాడు ముసలి లింగ్యా, దాని మీదుగా. "అన్నీ విన్న. నీళ్లు తాగు."

"ఇంకా ఉంది టేపు. ఆపకు."

"చాలు. వాని మాట వినకు. ఇగో, నేనిస్తున్న, తాగు."

ఏడుపు నిలిచిపోయింది. టేపు తిరుగుతూనే ఉంది. మెడ మీద ఏదో చల్లగా సడలింది. చెంబు పట్టిన చేతికి, అవతలి నుంచి ఎవరో దాన్ని వంచుకున్నట్టు బరువు తెలిసింది. పెట్టెలోంచి గుటక వేసిన చప్పుడు, మళ్లీ ఒక గుటక, చివరికి దాహం తీరిన మనిషి విడిచే ఊపిరి. ఆ తర్వాత వట్టి గరగర. బటన్ టక్కున లేచింది.

మాపటికి సక్రు వచ్చి, తీసుకుపోయే ముందు ఒకసారి విందామని క్యాసెట్టు మొదటికి తిప్పాడు. గరగర వచ్చింది. చాలాసేపు అదే. చేను లేదు, కోడలు లేదు, ఏడుపు లేదు. మధ్యలో ఎక్కడో ఒక పడుచు మగగొంతు "ఆపకు బాయీ, ఇంకా ఉంది టేపు" అంది. జవాబు లేదు. మళ్లీ గరగర.

"అత్త ఏది బాపూ? దీంట్ల నువ్వొక్కనివే ఉన్నవ్. ఎవలతోని మాట్లాడుతున్నవ్?"

లింగ్యా బటన్ నొక్కి పెట్టెను ఆపాడు.

"మరి దీన్ని ఎక్కియ్యమంటవా, వద్దా?"

"వద్దు," అన్నాడు లింగ్యా. "గా గొంతు అరగనీ."

గుమ్మి మీద మరిచిపోయిన చెంబును కమ్లి తీసింది. నిండా ముంచిన చెంబు సగానికి దిగి ఉంది. లింగ్యా పట్టుకున్న వైపు అంచు పొడిగా ఉంది. అవతలి వైపు అంచు మీద, ఇంకా ఆరని రెండు పెదవుల తడి ఉంది. కమ్లి దాన్ని కొంగుతో తుడవబోయి, చేయి వెనక్కి తీసుకుంది. చెంబును అట్లాగే గడప పక్కన, మోతీబాయి మూట దింపిన చోట పెట్టింది.