అచ్చులో లేని పేరు

జిల్లా ఆఫీసు నుంచి మా శాఖా గ్రంథాలయానికి వచ్చేవాటిలో పనికొచ్చేవి తక్కువ. విరిగిన కుర్చీ మార్చండి మహాప్రభో అని మొత్తుకుంటే పోస్టరు పంపిస్తారు. ఆ ఏడాది వచ్చిన పోస్టరు మీద 'మీ గ్రంథాలయం సూచించే ఆన్‌లైన్ వనరులు' అని పెద్దక్షరాలతో ఉంది. పాత పుస్తకాలు స్కాన్ చేసి పెట్టిన సైట్లు, ఇంట్లో కూర్చుని నేర్చుకునే కోర్సులు, హరికథలు, బుర్రకథల రికార్డింగులు, చూపు లేనివాళ్లకు చదివి వినిపించే యాపులు. ఒక్కోదాని పక్కన ఫోనుతో స్కాన్ చేసే గళ్ల బొమ్మ. కడియం చుట్టుపక్కల నర్సరీల్లో మట్టి మోసేవాళ్లు వచ్చే లైబ్రరీ మాది. వాళ్లలో చాలామందికి చదువే రాదు. ఈ గళ్లు ఎవరి కోసమయ్యా అని తిట్టుకుంటూ, మంచినీళ్ల డ్రమ్ము పక్కన గోడ పెచ్చు ఊడినచోట దాన్ని అతికించాను. పెచ్చు కనబడకుండా పోయింది, అంతవరకు మేలే.

చదువు రానివాళ్లు లైబ్రరీకి ఎందుకొస్తారని అడుగుతారేమో. జ్ఞానప్రకాశం గారి కోసం వచ్చేవారు. ఆయన జన్మంతా నర్సరీల్లో మామిడికీ సపోటాకీ అంట్లు కట్టిన మనిషి. ఆదివారం లూథరన్ మందిరంలో వాక్యం చదివేది కూడా ఆయనే. పొద్దున్నే పనికి తీసుకెళ్లే ఆటో వచ్చేలోపు మా లైబ్రరీ అరుగు మీద నిలబడి అందరికీ పేపర్ చదివి వినిపించేవారు. ఊరంతా ఆయన్ని పేపర్ మాస్టారు అనేది.

ఆయన ముందు చదివేది మొదటి పేజీ కాదు. చిన్న చిన్న ఫొటోలుండే పేజీ, చనిపోయినవాళ్ల ప్రకటనలు వేసే పేజీ. అచ్చులో ఉన్నా లేకపోయినా ప్రతి పేరుకీ 'గారు' తగిలించేవారు. ఎక్కడో భీమవరంలో ఎవరో పోతే మనకెందుకండీ అని ఒకసారి విసుక్కున్నాను. పోయినవాళ్ల పేరు నలుగురిలో ఒక్కసారైనా పైకి అనాలని, అది బతికున్నవాళ్ల పని అని చెప్పారు. ఆయన చదువుతున్నంతసేపూ ఆడవాళ్లు క్యారేజీలు ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చునేవారు.

ఆ 'గారు' తప్ప ఆయన సొంతంగా ఒక్క ముక్క కలిపేవారు కాదు. అక్కడే వచ్చింది గొడవ.

మొక్కల కవర్లలో మట్టి నింపే సూర్యకాంతమ్మ భర్త సత్యప్రసాద్ లోడింగ్ పనికి వెళ్లేవాడు. మొక్కల లారీతో వెళ్తుంటే తుని దాటాక హైవే మీద లారీ బోల్తా కొట్టింది. మర్నాడు పేపర్లో వార్త వచ్చింది. డ్రైవరు పేరు వేశారు. లారీ ఎక్కడికి వెళ్తోందో వేశారు. మామిడి అంట్లన్నీ పాడైపోయాయని కూడా వేశారు. చివర్లో 'మరో కూలీ కూడా మృతి చెందాడు' అని ఒక్క వాక్యం. అంతే. అంట్లకు దక్కినపాటి చోటు ఆ మనిషికి దక్కలేదు. ఇప్పటికీ తలచుకుంటే నాకు ఒళ్లు మండిపోతుంది.

పెద్దకర్మ అయ్యాక సూర్యకాంతమ్మ ఆ పేపర్ మడతపెట్టుకుని వచ్చింది. అందరి ముందూ మాస్టారి చేతిలో పెట్టింది.

"పేరు లేదని నాకు తెలుసండి. మీరు కలిపి ఒక్కసారి చదవండి. వింటాను."

ఆయన ఆ కాగితం కేసి చూశారు.

"అచ్చులో లేనిది నేను చదవలేనమ్మా. ఇవాళ ఒకటి కలిపితే రేపు నేను చదివేది మీరు ఎలా నమ్ముతారు?"

ఆవిడ కాగితం లాక్కుని వెళ్లిపోయింది. అయితే మర్నాడు మళ్లీ వచ్చింది. వచ్చి, ఆయనకు వీపు పెట్టి కూర్చుంది. ఆ రోజు నుంచి మాటా లేదు, పలకరింపూ లేదు. రావడం మాత్రం మానలేదు. ఒక్క పేరు కలిపితే ఆయన సొమ్మేం పోయిందని నేనూ కొన్నాళ్లు ఆయనతో ముభావంగానే ఉన్నాను.

ఆ తర్వాత ఆయన చూపు పోయింది. నీటికాసులు అనే కంటి జబ్బు. రాజమండ్రి డాక్టరు పోయిన చూపు తిరిగి రాదని చెప్పేశాడట. ఆయన అరుగుకి రావడం మానేశారు. జనం కొన్నాళ్లు వచ్చి కూర్చుని, తర్వాత రోడ్డు మీదే నిలబడి ఆటో ఎక్కడం మొదలుపెట్టారు. ఎవరూ ఆయన ఊసెత్తలేదు. చివరికి సూర్యకాంతమ్మే నా దగ్గరికి వచ్చింది. "మాస్టారికి ఎలా ఉందండి?" అని నేల చూస్తూ అడిగింది.

ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లాను. ఆయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. మందిరానికి కూడా రావడం లేదని భార్య జ్ఞానమ్మ గారు కళ్లొత్తుకున్నారు. నేను ఏదో ధైర్యం చెప్పబోతే ఆయన లేచి కూర్చున్నారు.

"అంటు కట్టడం పోయింది. వాక్యం చదవడం పోయింది. ఆ అరుగు కూడా పోతే నేనిక ఎందుకండి, హారతి గారూ?"

నాకు దుఃఖం పొంగుకొచ్చింది. జ్ఞానమ్మ గారిచ్చిన టీ తాగేసి వచ్చేశాను.

మర్నాడు డ్రమ్ములో నీళ్లు పట్టుకుంటుంటే ఎదురుగా ఆ పోస్టరు. అన్నాళ్లూ దాని పక్కనే నీళ్లు తాగుతున్నాను. పేజీని ఫొటో తీస్తే అందులోని అక్షరాలు చదివి వినిపించే యాపు అని మూడో వరసలో స్పష్టంగా రాసి ఉంది. చేతులు తుడుచుకుని ఫోను తీశాను.

మధ్యాహ్నాలు లైబ్రరీ వెనక గదిలో మాస్టారికీ నాకూ చదువు సాగింది. ఫోను గొంతు రైల్వే స్టేషన్లో అనౌన్స్‌మెంటులా ఉండేది. ఊళ్ల పేర్లు ఖూనీ చేసేది. ఎవరి కోసమూ ఆగేది కాదు. ఒక వాక్యం పైకి అంటూనే చెవిలో తర్వాతి వాక్యం పట్టుకోవాలి. మొదట్లో ఆయన రెండూ కలిపేసి, తనమీద తనే కోప్పడి ఇయర్‌ఫోను పీకేసేవారు. ఆదివారం తప్ప మానకుండా వచ్చారు. ఒకరోజు పేజీ మొత్తం తడబడకుండా చదివేశారు. ఇద్దరికీ కళ్లు తడిశాయి.

ఒకటే షరతు పెట్టారు. ఎవరికీ తెలియకూడదు. పేపర్ ఆయన చేతిలోనే ఉండాలి. నేను తెల్లవారుజామునే వెళ్లి ఫొటోలు తీసి, సరైన పేజీ మడిచి అందించాలి. ఇయర్‌ఫోను వైరు కనబడకుండా చెవుల మీదుగా మఫ్లర్ చుట్టుకునేవారు. మంచు కాలం కదా, ఎవరికీ అనుమానం రాదనుకున్నాం.

జనం మళ్లీ వచ్చారు. సూర్యకాంతమ్మ మళ్లీ వీపు పెట్టి కూర్చుంది. మంచు పోయింది, ఎండలు వచ్చాయి. రోహిణి కార్తెలో కోనసీమ నుంచి కొవ్వూరు దాకా మఫ్లర్ చుట్టుకున్న మనిషి ఈయన ఒక్కరే అయివుంటారు. చెమట ధారలు కడుతుంటే చదివేవారు. ఎవరూ ఒక్క మాట అనలేదు.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున రోడ్డు తవ్వుతూ ఏదో కేబుల్ కోసేశారు. మాస్టారు చదువుతున్నారు. "చాగల్లు వాస్తవ్యులు..." అని ఆగిపోయారు. నెట్ ఉంటేనే చదివే యాపు అది; నెట్ పోయిందని నాకు అర్థమైంది. ఆయన గొంతు సవరించుకున్నారు. పేజీ తిప్పారు. జనం కేసి కనిపిస్తున్నది సిమెంటు ప్రకటన. మళ్లీ తిప్పారు. ఏదో ఒకటి చెప్పి ఆయన్ని లోపలికి తీసుకుపోదామని లేవబోయాను.

నాకంటే ముందే సూర్యకాంతమ్మ లేచింది. ఇటు తిరిగి, నడిచి వచ్చి, ఆయన చేతుల్లోంచి పేపర్ తీసుకుంది. ఆవిడకు చదువు రాదు, చిన్న ఫొటోలుండే పేజీ మాత్రం తెలుసు. దాన్ని వెతికి మడిచి, తిరిగి ఆయన చేతుల్లో పెట్టింది.

"ఎండ మండిపోతుంది, ఆ మఫ్లర్ తీసెయ్యండి మాస్టారూ. మాకు ఎప్పుడో తెలుసు. చదవండి."

ఈసారి ఆయనకు ఎదురుగా కూర్చుంది.

ఆయన మఫ్లర్ విప్పారు. వైరు భుజం మీదికి జారి వేలాడింది. పేపర్ ఎప్పటిలాగే ఛాతీ ఎత్తున పట్టుకున్నారు. ఎప్పుడూ చదివే గొంతుతోనే మొదలుపెట్టారు.

"సత్యప్రసాద్ గారు. కడియం మండల వాస్తవ్యులు. మొక్కల లారీతో వెళ్తూ తుని దాటాక ప్రమాదంలో పోయారు. లేత మొక్క కూడా కమలకుండా లోడు ఎత్తే మనిషి. భార్య సూర్యకాంతమ్మ గారు."

బయట ఆటో వచ్చి హారన్ కొట్టింది. ఎవరూ లేవలేదు. సూర్యకాంతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని, మెల్లగా అడిగింది.

"అచ్చులో ఉందాండి?"

జ్ఞానప్రకాశం గారు తడుముకుంటూ పేజీ మీద ఒకచోట వేలు పెట్టారు.

"ఉందమ్మా."