బావమరిది బండి

కిషన్ రావుది చిక్కడపల్లి. హైదర్‌గూడలో ఒక బీమా ఆఫీసులో ఉద్యోగం. చేరిన నాటి నుంచి అదే బస్సు, అదే కుర్చీ. ఆ బతుకు మీద ఆయనకు ఎన్నడూ విసుగు పుట్టలేదు, 2012 వానాకాలంలో బావమరిది ఫణీంద్ర బండి వేసుకొని గల్లీలోకి వచ్చేదాకా.

ఫణీంద్ర కంప్యూటర్ ప్రోగ్రాములు రాస్తాడు. పని సరిగ్గా చేరితే చాలు, ఎక్కడైనా కూర్చొని చెయ్యమంది బెంగళూరు కంపెనీ. అంతే, కిరాయి గది ఖాళీ చేసి, పాత మినీ బస్సు కొని, సీట్లన్నీ పీకించి కవాడిగూడలో దాన్ని ఇల్లుగా మార్పించాడు. లోపల మంచం, గ్యాసు పొయ్యి, నీళ్ల ట్యాంకు. కప్పు మీద సోలార్ పలక. పెళ్లి చేసుకోలేదు, అడిగేవాళ్లు లేరు.

అక్క ఇంటి ముందు బండి ఆపుకొని కొన్నాళ్లున్నాడు. పొద్దున్నే కిషన్ రావు టిఫిన్ డబ్బాతో గేటు దాటేసరికి, ఫణీంద్ర లుంగీ మీద మడత కుర్చీలో కూర్చొని, ఒళ్లో లాప్‌టాప్, పక్కన పొగలు కక్కే చాయ్‌తో కనిపించేవాడు.

"బావా, చాయ్ తాగి పో."

"మాకు ఆఫీసుంటదయ్యా. నీలెక్క ఆటలు కాదు."

పక్కింటి ధర్మారావు ఊరుకోడు కదా. "మీ బావమరిది రాజా లెక్క బతుకుతుండు, రావు సాబ్!"

"రాజాకు స్నానాల గది మా ఇంట్లనే ఉన్నది," అన్నాడు కిషన్ రావు. నవ్వుతూనే అన్నాడు గానీ, బస్సులో నిలబడి వేలాడుతున్నంతసేపూ ఆ చాయ్ పొగే కళ్ల ముందు ఆడింది.

ఒక ఆదివారం ఫణీంద్ర స్నానానికి పోయిన సందు చూసి బండెక్కాడు. ఏదో ఒక వంక దొరకకపోతుందా అని వెతికాడు. దుమ్ము లేదు, కంపు లేదు. మంచం మీద కాస్త ఒరిగి చూస్తే, కిటికీలోంచి వేపకొమ్మ, దాని వెనక తడిసిన ఆకాశం. ఒంటికి హాయిగా ఉంది. ఆ హాయే ఆయనకు గిట్టలేదు.

"నాన్నా, నువ్వా!" కూతురు అనూహ్య తలుపు దగ్గర నిలబడి ఉంది.

"గ్యాసు వాసన ఒచ్చింది. జర చూద్దామని..." అంటూ దిగిపోయాడు.

ఆ సాయంత్రమే ఫణీంద్ర, "అందరం లక్నవరం పోదాం బావా, చెరువు నిండిందట," అన్నాడు.

"మాకు ఇల్లున్నది. బండ్ల పండుకునే గతి మాకు పట్టలే."

ఫణీంద్ర మొహం మాడిపోయింది. కిషన్ రావు భార్య మనోరమ ఆ రాత్రే బట్టలు సర్దుకుంది. తెల్లారి కూతురితో సహా తమ్ముడి బండెక్కి వెళ్లిపోయింది.

మర్నాడు ఆఫీసులో ఉండగా అనూహ్య ఫోను. "నాన్నా, చెరువు ఒడ్డుకే ఆపినం! అమ్మ మక్కగారెలు జేస్తున్నది. వాన ఎట్ల కొడుతుందో ఇను..." రేకు మీద వాన చప్పుడు, వెనక మనోరమ నవ్వు. ఇంట్లో ఆమె అట్లా నవ్వి ఎంత కాలమైందో! కిషన్ రావు కడుపులో అగ్గి రాజుకుంది. తలనొప్పి అని సెలవు రాసిచ్చి, ఇంటికి కూడా పోకుండా వరంగల్ బస్సెక్కాడు. అక్కడి నుంచి ములుగు, ఆపైన ఆటో.

చెరువు దగ్గర దిగేసరికి పొద్దు వాలుతోంది. మనోరమ కంగారుగా ఎదురొచ్చింది. "ఏమైంది? అంత మంచేనా?"

"అల్మారా తాళంచెవి యాడ పెట్టినవో అడుగుదామని."

"అది మీ జేబులనే ఉంటది గదా ఎప్పుడూ!" అని ఆయన మొహం కేసి చూసి, ఇంకేమీ అడగకుండా గారెల పళ్లెం చేతికిచ్చింది.

ఫణీంద్ర బండిలో చెవులకు ఫోను తగిలించుకొని ఎవరితోనో ఇంగ్లీషులో వాదిస్తున్నాడు. చాలాసేపు వాదించాడు. వీడికీ తిప్పలున్నాయని కిషన్ రావు లోలోపల సంబరపడ్డాడు. కానీ అతను పని ముగించి, లాప్‌టాప్ మూసి, నేరుగా వెళ్లి నీళ్లలో కాళ్లు పెట్టుకొని ఈల వేశాడు. అది చూసి కిషన్ రావుకు ఇంకా మండింది.

తెల్లవారి ఒడ్డున చాయ్ తాగుతూ చెప్పేశాడు. "ఫణీ, ఆ దినం గట్ల అన్న గదా. నిన్ను జూస్తే కడుపు మండుతుండె. గంతే."

"ఎరుకే బావా. నాకు కోపమొచ్చింది. నీతోని మాట్లాడొద్దనే అనుకున్న. నువ్వే బస్సెక్కి ఒస్తివి."

"నాకు నడుపుడు నేర్పుతవా?"

"నాతోని కాదు. కొట్లాడుకుంటం."

ఊరికి రాగానే యాభై దాటిన మనిషి నారాయణగూడలో డ్రైవింగు స్కూల్లో చేరాడు. కాలేజీ పిల్లల మధ్య కూర్చొని, మాస్టారు చేత తిట్లు తిని, మరుసటి ఏడు లైసెన్సు తెచ్చుకున్నాడు. ఆ చలికాలంలో ఫణీంద్ర మళ్లీ వచ్చి వీళ్లింట్లో కూర్చొని పని చేసుకుంటుంటే, బండి అడిగి తీసుకొని మనోరమతో అనంతగిరి గుట్టలకు పోయాడు. ఎడ్లబండి కన్నా నెమ్మదిగా నడిపాడని ఆమె అందరికీ చెప్పింది. వారం గడిచాక బండి అప్పగించాడు.

"ఇప్పుడు యాడికి?"

"అరకు దిక్కు పోత."

"ఎన్ని దినాలు?"

"తెల్వదు బావా."

ఆ 'తెల్వదు' కిషన్ రావును మర్నాడు ఆఫీసులో సాయంత్రం దాకా ముల్లులా గుచ్చుతూనే ఉంది.