రుమాలు పైన కళ్లు

బొల్లారం నుంచి వస్తున్న షేర్ ఆటోలో ఎదురుగా కూర్చున్న మనిషి దుమ్ముకు ముక్కు మీద రుమాలు కట్టుకున్నాడు. ఆ కళ్లు చూడగానే నా పిడికిలి దానంతటదే గాల్లో కుడివైపు తిరిగింది. మిషన్ల హోరులో మాట వినబడక, మాస్కు పైనుంచి సరిగ్గా అవే కళ్లతో చూస్తూ, అలా సైగ చేసేవాడు నా జోడీదారు. కిందటేడు కంపెనీలో మంటల్లో కాలి, ఆసుపత్రిలో చనిపోయాడు.

అతను నా చెయ్యి చూసి రుమాలు దించాడు. తెలియని ముఖం.

"మా అన్న దవాఖానల పాణం పొయ్యేదాక చెయ్యి గిట్లనే తిప్పిండు. మాకు సమజ్ కాలె. ఏందన్నా గది?"

రోడ్డు వైపు చూస్తూ చెప్పాను.

"వాల్వు బంద్ చెయ్యమని."

ఆ రోజు వాల్వు దగ్గర ఎవరున్నారో అతను అడగలేదు. నేను పిడికిలి ఒళ్లో దాచుకున్నాను.