తువ్వాల కింద రాజధాని

మా తాత అంతయ్య ముప్పై ఏండ్లు గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్లో బేరాలు చేశాడు. మార్కెట్ బాటసింగారం తరలిపోయినా ఆయన భుజం మీది తువ్వాల దిగలేదు. ప్రపంచం మొత్తానికి ఒకే రాజధాని పెడితే ఏ ఊరు బాగుంటుందని నిన్న ఆయన్ను ఊరికే అడిగాను.

"గడ్డిఅన్నారం! కశ్మీర్ ఆపిల్, నాగ్‌పూర్ సంత్రా, అన్నీ ఆడికే ఒచ్చినయి."

"మార్కెట్టే పాయె, ఇంక రాజధాని ఏంది?" అంది నాయనమ్మ.

తాతకు మండింది. ధర పక్కవాళ్లకు తెలియకుండా వేళ్లు నొక్కి బేరమాడే మార్కెట్ పద్ధతిలో తువ్వాల కప్పి, కింద ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఢిల్లీకి ఒక వేలు నొక్కాలి, లండన్‌కు రెండు, గడ్డిఅన్నారానికి మూడు. నాయనమ్మ నొక్కింది.

"లండనా!" అని అరిచాడు. తువ్వాల తీస్తే బేరం ముగిసినట్టే. ఆయన తియ్యలేదు.

"చెయ్యి ఇడువుండ్రి, కూర మాడుతున్నది!"

"మాడనీ. ఇంకొక్క వేలు నొక్కు."