నా మీద పెట్టిన రూలు

డిగ్రీ చదివే ఆ రోజుల్లో నేను గెలవగలిగింది లోకంలో ఒక్కటే ఉండేది, కార్డుల ఆట. మార్కుల్లో మా అక్క, మాటల్లో మా అమ్మ నన్నెప్పుడో దాటిపోయారు. కార్డులనగానే మీరూ మా అమ్మలా కంగారు పడకండి. ("ముక్కలాట ఆడే ఆడపిల్లని మా వైపు ఎక్కడా చూళ్ళేదే తల్లీ!" అంటూ ఆవిడ సీతాఫల్‌మండి ఇంట్లో పోపు మాడ్చుకున్న రోజులు చాలా ఉన్నాయి.) ఇది పేకాట కాదు. ప్యాకెట్లు కొని, లోపల ఏ బొమ్మ వచ్చిందో చూసుకుని, నచ్చినవి పోగేసి, వాటితో ఎదుటివాళ్ళ కోటను పడగొట్టే ఆట. దాన్ని తయారుచేసింది నేరేడ్‌మెట్‌లో ఉండే ఒక డ్రాయింగ్ మాస్టారు. మాకందరికీ ఆయన 'సార్'. ఆడేది ఆదివారాలు, బోయిగూడలో ఒక పుస్తకాల షాపు పైగదిలో. ఆ షాపాయన మాకందరికీ 'అన్న'.

అక్కడి మగపిల్లలకు మంటలు కక్కే పక్షులూ, ఏనుగులెక్కిన సేనాపతులూ కావాలి. వాళ్ళలో మొనగాణ్ని 'మెరుపు' అనేవాళ్ళం. మెరిసే కార్డు దొరికితే చాలు, పెళ్ళి నగలా ప్లాస్టిక్ కవర్లో దాచుకునేవాడు. ఎవరికీ అక్కర్లేని దొంగ, వంటమాస్టర్ కార్డులు నాకు ఊరికే వచ్చేవి. ఒక మధ్యాహ్నం ఆ రెండిటినీ పక్కపక్కన పెట్టి కింద రాసింది చదువుతుంటే ఒళ్ళు జల్లుమంది. వంటమాస్టర్‌ను బల్ల మీద పెడితే, అప్పటికే వాడేసిన నా కార్డుల కుప్పలోంచి ఒకటి వెనక్కి తీసుకోవచ్చు. దొంగను వాడితే ఎదుటివాళ్ళ చేతిలోంచి ఒక కార్డు పోతుంది, బల్ల మీది నా కార్డొకటి నా చేతికి తిరిగొస్తుంది, దొంగ కుప్పలోకి పోతాడు. అంటే దొంగ వంటమాస్టర్‌ను నా చేతికిస్తాడు, వంటమాస్టర్ మళ్ళీ దొంగను లేపుకొస్తాడు! ఒక వంతులో ఇన్నే కార్డులు వేయాలని రూల్స్‌లో ఎక్కడా లేదు. ఎదుటివాళ్ళ చెయ్యి ఖాళీ అయ్యేదాకా వీళ్ళిద్దరూ అలా తిరుగుతూనే ఉంటారు. ఇక వాళ్ళ కోటను కాపాడే కార్డే మిగలదు.

ఇక వరసగా నేనే గెలిచాను. "చెల్లె, జెర చూసి ఆడు. నిన్ను చూస్తనే పోరగాళ్ళు మెట్లు దిగుతున్రు," అని అన్న మొత్తుకున్నాడు. నేను వింటేగా! కప్పు కోసం పెద్ద పోటీ వచ్చింది, ఫైనల్లో నా ఎదుట మెరుపు, జడ్జిగా స్వయంగా సార్. నా దొంగ పని మొదలుపెట్టాడు. మెరిసే పక్షులు ఒక్కొక్కటే కుప్పలోకి రాలిపోయాయి. మెరుపు ఖాళీ చేతులు పైకెత్తి, "ఏందీ ఆట! గిది తొండి సార్! నా వంతు సుత రాలే!" అని అరిచాడు. "తొండి చేసేటోళ్ళను పైకి రానియ్యొద్దు," అని వెనకనుంచి మరో గొంతు.

నా చెవులు వేడెక్కాయి. కప్పు పోతే పోయింది, ఆ గది పోతే ఆదివారాలు నాకింకేం మిగులుతాయి? "కార్డు మీద ఉన్నదే చేశాను సార్," అన్నాను. సార్ కళ్ళజోడు పైకి నెట్టి రెండు కార్డులూ చదివారు. మళ్ళీ ఆడి చూపించమన్నారు. చూపించాను. ఆయన పకపకా నవ్వేశారు.

"ఇది తొండి కాదు బాబూ. రాసిన నేనే ఇంత శ్రద్ధగా చదవలేదు. అమ్మాయి గెలిచింది," అన్నారు. నేను ఎగిరి గంతేసేలోగా, "వచ్చే ఆదివారం నుంచి మాత్రం దొంగ ఒక వంతులో ఒక్కసారే!" అని చేర్చారు.

కప్పుకంటే ఆ మాటే నాకు ఎక్కువ గొప్పగా వినిపించింది. ఇంటికి పరుగెత్తి, "అమ్మా, నా కోసం ప్రత్యేకంగా రూలు పెట్టారే!" అంటే, "ఏం వెధవ పని చేశావే?" అంది ఆవిడ. (మరుసటి ఆదివారం మొదటి ఆటలోనే మెరుపు చేతిలో చిత్తుగా ఓడాను. ఆ సంగతి అమ్మకు చెప్పలేదు.)

ఇప్పుడు నేను ఒక ఆఫీసులో ఇతరులు రాసిన సాఫ్ట్‌వేర్‌లో లొసుగులు వెతికే ఉద్యోగం చేస్తున్నాను. దానికి జీతమిస్తారు కానీ, ఎవరూ సార్ నవ్వినంత బాగా నవ్వరు. మొన్న బోయిగూడ వెళ్ళి ఆ మెట్లెక్కాను. కొత్త దొంగ కార్డు మీద 'వంతుకు ఒక్కసారి మాత్రమే' అని అచ్చులో ఉంది. ఒక కాలేజీ అమ్మాయి దాన్ని విసుగ్గా చూస్తూ, "గీ లైను ఎవరి వల్ల వచ్చిందో గానీ, దొంగను ఖతం చేసిన్రు," అంది. నా వల్లే అని చెప్పడానికి గర్వంగా గొంతు సవరించుకున్నాను. అంతలో ఆమె స్నేహితురాలి చెవి దగ్గరికి వంగి, "గీ జాలరి కార్డు చూడు. దీనికింకా రూలు రాలే," అని గుసగుసలాడింది.

 పక్కనే ఒక కుర్చీ లాక్కుని కూర్చుని, నవ్వాపుకుంటూ ఆమె ఆట చూశాను.