వెనక నడిచే నల్లకుక్క

తడిసిన ఉన్నికోటు వాసన తగిలితే ఇప్పటికీ నా ఒళ్ళు జలదరిస్తుంది. భయంతో కాదు, సంబరంతో. ఈ సాయంత్రం మంచు దులిపి కోటు కొక్కేనికి తగిలిస్తుంటే అదే వాసన, దాని వెంటే డోరతీ గారు.

కెనడాలో మేముండే ఏజాక్స్ ఊళ్ళో మా పక్కింటి ముసలావిడ ఆమె. చిన్నప్పుడే ఇంగ్లండు పల్లె నుంచి వచ్చేశారట. మన పిల్లలు గుంపులు గుంపులుగా ఇక్కడికి చదువుకు దిగుతున్న రోజులవి. కాకినాడ అమ్మాయి శ్రావణి మా బేస్‌మెంట్‌లో అద్దెకుండేది. చలికాలం అయిదింటికే చీకటి. బస్సు దిగాక దీపాల్లేని వాగు పక్క బాటమీద పావుగంట నడవాలి. ఒకరోజు వణుకుతూ వచ్చి వంటింట్లో కూలబడింది. "నావల్ల కాదు ఆంటీ. చదువు మానేసి ఇంటికెళ్ళిపోతా."

టీకి వచ్చిన డోరతీ గారు సంగతేమిటో అడిగి తెలుసుకుని, కప్పు కిందపెట్టి ఒక కథ ఎత్తుకున్నారు. నా ఇంగ్లీషు అంతంతమాత్రం. ముక్కు తుడుచుకుంటూ శ్రావణే నాకు తెలుగులో చెప్పింది. వాళ్ళ దేశంలో దూడంత దయ్యపు నల్లకుక్క తిరుగుతుందట, కళ్ళు నిప్పుకణికలట. కొన్ని ఊళ్ళలో అది కనబడితే చావు కబురే. డోరతీ గారి ఊళ్ళో మాత్రం ఒంటరి ఆడపిల్ల వెనకే నడిచి, గుమ్మందాకా దిగబెట్టి మాయమవుతుందట.

"సముద్రం దాటి ఇంతదూరం వస్తుందా అని అడుగు," అన్నాను.

"మీరంతా రాలేదా? దానికి వీసా కూడా అక్కర్లేదు," అన్నారావిడ. "ఒకటే షరతు. వెనక్కి తిరిగి చూడకూడదు."

మర్నాడు శ్రావణి కళ్ళు మెరిపిస్తూ పరిగెత్తుకొచ్చింది. "ఆంటీ, ఉంది. నా వెనకాల మంచు కరకరలాడింది. నేనాగితే అదీ ఆగింది."

"తిరిగి చూశావా?"

"లేదు, ఒట్టు."

చర్చికెళ్ళే మనిషిని, దయ్యాలేమిటని కసరవలసింది పోయి, రోజూ ఆ కబురు కోసం తలుపు దగ్గరే కాచుకునేదాన్ని.

మంచు తుఫాను రోజున శ్రావణి ఇల్లు చేరగానే, నేను వేడివేడి పులుసు పట్టుకుని డోరతీ గారింటికి వెళ్ళాను. గుమ్మం పక్కన ఆమె నల్ల ఉన్నికోటు, భుజాలమీద ఇంకా కరగని మంచు. బూట్లు నీళ్ళోడుతున్నాయి. ఆమె మోకాలు పట్టుకుని ఆయాసపడుతున్నారు.

"డాగ్?" అన్నాను.

"వెరీ ఓల్డ్ డాగ్," అని పెదవిమీద వేలు పెట్టారు.

శ్రావణి చదువు పూర్తిచేసి విన్నిపెగ్‌లో ఉద్యోగంలో చేరింది. డోరతీ గారు పోయాక వాళ్ళమ్మాయి ఆ కోటు నాకిచ్చింది.

ఇప్పుడు బేస్‌మెంట్‌లో ఉండేది విజయవాడ పిల్ల. కథ చెప్పాను, షరతుతో సహా. ఇవాళ బాటమీద ఆ పిల్ల ఉన్నట్టుండి ఆగింది. పదడుగుల వెనక నేనూ ఊపిరి బిగబట్టి ఆగాను. తను ముందు తలుపు తీసేలోగా నేను పెరటి గుమ్మంలోంచి దూరి, కోటు తగిలించి, పొయ్యి దగ్గర నిలబడ్డాను.

"ఆంటీ, నిజంగానే ఉంది," అంటూ వచ్చింది.

"తిరిగి చూశావా?" అన్నాను, ఆయాసం దాచుకుంటూ.