తాత కమానుకి వేడి పలకలు

ఇది నిప్పుకీ ఇనుముకీ ఒక ముసలి వీరుడికీ మధ్య జరిగిన మహాసంగ్రామం. ఇందులో పొగలు కమ్ముతాయి, లోహాలు ఢీకొంటాయి, ఒక వంశం పరువు వెంట్రుకల మీద వేలాడుతుంది. పర్వాలు పర్వాలుగా రాయడానికి సరిపడా సరుకుంది.

లేదు, అంత లేదు. మా తాత వయొలిన్ కమానుకి రాసే రోజిన్‌ని ఇంట్లోనే చేద్దామనుకున్నాం. దానికి ఎలాంటి వేడి పలకలు కొనాలి, వాటిని దేంతో బిగించాలి అని కొన్నాళ్ళు వాదించుకున్నాం. అంతే. పొగ మాత్రం నిజం. వెంట్రుకలు కూడా నిజమే, గుర్రానివి.

మా తాత, అంటే అమ్మ వాళ్ళ నాన్న, ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. న్యూ సెటిల్‌మెంట్‌లో అమ్మకి రైల్వే ఇచ్చిన క్వార్టర్లో మాతోనే ఉంటాడు. ప్రతి ఆదివారం మా తెలుగు చర్చిలో వయొలిన్ వాయిస్తాడు. అమ్మ పుట్టకముందు నుంచీ వాయిస్తున్నాడట. ఆ మాట చెప్పేటప్పుడు అమ్మ గొంతులో గర్వం ఎంతో విసుగూ అంతే.

వయొలిన్ తీగ పలకాలంటే కమాను వెంట్రుకలకి రోజిన్ రుద్దాలి. పైన్ చెట్టు బంక గట్టిపడ్డ తేనెరంగు బిళ్ళ అది. దాని పొడి అంటితేనే వెంట్రుకలకి పట్టు వస్తుంది. రుద్దకపోతే వయొలిన్ ఒక అందమైన చెక్కపెట్టె. తాత ఏళ్ళ తరబడి ఒకే బిళ్ళతో నెట్టుకొచ్చాడు. అది అరిగి అరిగి డబ్బా అడుగున పొడి మిగిలింది. నేను ఆన్‌లైన్లో కొత్తది తెప్పిస్తే అది పిండిమరలా దుమ్ము లేపింది. పాస్టరుగారి ప్రార్థన పొడవునా తాత దగ్గాడు. ఇంకోటి తెప్పించాను. అది ఇక్కడి ఉక్కకి బంకలా సాగి, వయొలిన్ తోక తొక్కిన పిల్లిలా అరిచింది. అప్పుడే చర్చిలో కీబోర్డు వాయించే అన్నయ్య, పాపం మంచి మనసుతోనే, ఒక మాటన్నాడు.

"తాతగారూ, దీన్లో వయొలిన్ బటన్ ఉన్నాది. మీకు కష్టమైతే సెప్పండి, నేను నొక్కీస్తాను."

తాత ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే ప్రకటన చేశాడు. "కోత పండగ వరకు సూస్తాను. ఆ రోజు కూడా ఇలాగే కీసుమందనుకో, పెట్టె మూసీస్తాను. ఆ బటనే వాయించుకుంతాది."

అమ్మ గరిటె చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఇలాంటప్పుడు ఎవరో ఒకరు ఏదో ఒకటి అనాలి కాబట్టి నేనన్నాను. "తాతా, సెప్పులు. ఇప్పుడే తడిగుడ్డ పెట్టినాం."

కానీ సాయంత్రం చూస్తే వయొలిన్ పెట్టె మంచం పక్కన లేదు. బీరువా మీద, ఖాళీ సూట్‌కేసుల సరసన ఉంది. మా ఇంట్లో బీరువా మీదకెక్కిన వస్తువు మళ్ళీ కిందకి దిగిన దాఖలా లేదు. అప్పుడు మాత్రం నాకు కొంచెం భయమేసింది.

కొన్నవి కుదరలేదు కనక మనమే చేద్దామన్నాను. నేను ఇండస్ట్రియల్ పార్కులో ఒక ప్యాకింగ్ ఫ్యాక్టరీలో పనిచేస్తాను. అక్కడ రోజంతా వేడి పలకలు కవర్ల మూతులు అతికిస్తుంటాయి, నేను చూస్తుంటాను. చూసినంత మాత్రాన మనిషికి ఎంత ధైర్యం వచ్చేస్తుందో మీరు నమ్మలేరు.

గోల్ బజార్లో హార్డ్‌వేర్ కొట్టు దాదాని రజన్ కావాలని అడిగాను. బెంగాలీలో రోజిన్‌ని అలాగే అంటారు.

"కీ కాజే? ఝాలాయ్?" అన్నాడు, టంకం వేయడానికా అని.

"నా దాదా, బేహాలా." వయొలిన్‌కి.

ఆయన తూకం వేస్తున్నవాడల్లా ఆగి నన్ను ఎగాదిగా చూశాడు. "ఠీక్ హై, గాన్ హోక్," సరే, పాటే కానీ, అంటూ పొట్లం కట్టాడు.

పొట్లంలో పసుపు ముక్కలతో పాటు బెరడు, ఇసుక, ఒక చీమ ఉన్నాయి. చీమ ఎంత కాలంగా ఉందో తెలీదు గానీ బాగా భద్రంగా ఉంది. మొదటిసారి అన్నీ డబ్బాలో వేసి స్టవ్ మీద కరగబెట్టాం. నల్లటి పొగ లేచింది. పక్క క్వార్టర్ దీదీ గోడ మీంచి తొంగిచూసి "కీ పుడ్‌ఛే?" ఏం కాలుతోంది, అని అరిచింది. అమ్మ స్టవ్ కట్టేసి ఇద్దర్నీ వంటింట్లోంచి గెంటేసింది.

"తాతా మనవరాలూ కలిసి క్వార్టర్ తగలెట్టీండి! రైల్వే వోళ్ళకి నేనే జవాబు సెప్పుకుంతాను!"

డబ్బాలో మిగిలింది తారురోడ్డు ముక్కలా ఉంది. దాంతో పాట రాదు, గుంట మాత్రం పూడ్చుకోవచ్చు.

ఫోన్లో వెతికితే అప్పుడు తెలిసింది, రోజిన్‌కి మంట అక్కర్లేదని. ముక్కల్ని సన్నటి గుడ్డ సంచిలో కట్టి, రెండు వేడి పలకల మధ్య పెట్టి మెల్లగా నొక్కితే చాలు. కరిగింది గుడ్డలోంచి కారుతుంది, చెత్త గుడ్డలోనే ఉండిపోతుంది. చీమ కూడా.

ఇక పలకల వేట. ఇస్త్రీపెట్టెతో మొదలుపెట్టాను. దానికి ఒక్క పలకే వేడెక్కుతుంది, రెండోది బల్ల. బల్ల మీద అమ్మ పరిచిన ప్లాస్టిక్ గుడ్డ ఈ ప్రయోగానికి సిద్ధంగా లేదు. తరవాత నా జుట్టు సాపు చేసుకునే స్ట్రెయిట్‌నర్. రెండు పలకలు, వేడి తగ్గించే మీట, అన్నీ ఉన్నాయి. కానీ పలకలు వేలెడు వెడల్పు, చేత్తో ఎంత నొక్కినా ఓ కన్నీటిబొట్టంత కారి ఆగిపోయింది. ఆ తరవాత చాలా రోజులు నా జుట్టు వయొలిన్ వాయించడానికి పనికొచ్చేలా ఉంది.

టీషర్టుల మీద బొమ్మలు అచ్చువేసే హీట్ ప్రెస్ కొందామా అని తాతకి ఫోన్లో చూపించాను.

"పలక ఎంతుంతాది?"

"పేపరు పరిసినంత."

"మనం నొక్కేది నిమ్మకాయంత. అరిటాకంత పలక ఎందుకే? కారింది అంచుకి సేరేలోపు పలక మీదే మాడిపోతాది. సిన్న పలక సూడు."

ఇది నిజమే. ఎంత బాగా నొక్కినా, పలక పెద్దదయ్యే కొద్దీ కారింది బయటికి రావడానికి వేడి మీద ఎక్కువ దూరం పాకాలి. అరచేతిలో సగమున్నా చాలు.

ఇంటర్నెట్‌లో రోజిన్ ప్రెస్ అని కొడితే చిన్న చిన్నవి బోలెడు వచ్చాయి. పలకలు, స్క్రూ, పిడి అన్నీ ఒకే చోట. ముచ్చటగా ఉన్నాయి. కింద కొన్నవాళ్ళ అభిప్రాయాలు చదివితే మాత్రం, వాళ్ళు నొక్కుతున్నది పైన్ బంక కాదు గంజాయి అని, వాళ్ళ ఆనందం సంగీతానికి సంబంధించింది కాదని అర్థమైంది. మాది చర్చికెళ్ళే కుటుంబం. పేజీ మూసేశాను. తాత "ఏటి రాసినారు?" అంటే "అందరికీ బాగా నచ్చిందట" అన్నాను.

చివరికి పలకలు వేరుగా కొని ప్రెస్ మనమే చూసుకుందామని తేలింది. వరండాలో తాత బెంచీ వైసు ఉంది, ఇనప ముక్కల్ని దవడల మధ్య పెట్టి పిడి తిప్పి బిగించేది. రిటైరయ్యాక ఇంటికి తెచ్చుకున్న ఇనప బిడ్డ అది. దవడలు తెరిస్తే నా తల పడుతుంది. ఆ దవడలకి రెండు పలకలు బిగిస్తే అంతకన్నా ప్రెస్ ఏముంది? స్టీలు పలకలా అల్యూమినియంవా అన్న దగ్గర ఒక పూట గడిచింది. తాత సహజంగానే స్టీలు పక్షం. అల్యూమినియం అయితే వేడి అంతటా సమంగా పాకుతుంది, మధ్యలో మాడి అంచున పచ్చిగా ఉండదు అని నేను. దోసె పెనం ఉదాహరణతో అమ్మ నా వైపు తిరిగింది. పలకలు బొటనవేలంత మందం, లోపల హీటరు కడ్డీలు, పక్కన వేడి చూపించి తనే కట్టేసుకునే చిన్న డబ్బా. పార్సిల్ విప్పగానే తాత పలకల వైపు చూడలేదు, వైరు చివర చూశాడు.

"ఎర్త్ ఉన్నాదా?"

"ఉన్నాది తాతా."

"అయితే సరుకు మంచిదే."

శనివారం మధ్యాహ్నం పని పెట్టుకున్నాం. మర్నాడే కోత పండగ ఆరాధన, చర్చికి అందరూ తమ పంటలో కొంత దేవుడికి తెచ్చిపెట్టే రోజు. పలకల వేడిని నీళ్ళు మరిగేటంత వరకు తెచ్చి ఆపాను. తాత తన పాత డబ్బాలోని పొడిని కూడా సంచిలోకి దులిపాడు. సంచి పలకల మధ్య పెట్టి కాసేపు ఊరికే ఉంచాడు, మెత్తబడాలని. అప్పుడు పిడి పావు చుట్టు తిప్పాడు, ఆగాడు, మళ్ళీ తిప్పాడు. తొందరపడితే గుడ్డ పిగిలిపోతుంది. ఆ ముసలిచేతులు ఆ పిడి మీద ఎంత నెమ్మదిగా కదిలాయంటే, అమ్మ తలుపు దగ్గరే నిలబడి చూస్తూ పొయ్యి మీద పప్పు సంగతి మరిచిపోయింది.

కారింది. తేనెలా, అద్దంలా, ఒక్క నలుసు లేకుండా. మందుసీసా మూతలో పట్టి చల్లార్చాం. గట్టిపడ్డ బిళ్ళని తాత వెలుగులో పెట్టి చూసుకున్నాడు. నేనే బీరువా ఎక్కి పెట్టె దింపాను. ఆయన కమానుకి శ్రద్ధగా రుద్ది, వయొలిన్ గడ్డం కింద పెట్టుకుని లాగాడు.

ఏమీ వినబడలేదు. కీసుమనడం కూడా లేదు. కమాను తీగ మీద సబ్బునీళ్ళలో జారినట్టు జారిపోయింది. మళ్ళీ లాగాడు. మళ్ళీ నిశ్శబ్దం.

తాత వయొలిన్ ఒళ్ళో పెట్టుకున్నాడు. "బిళ్ళ బాగానే ఉన్నాదే అమ్మీ. నా సెయ్యే పోనాది."

అమ్మ మొహం తిప్పేసుకుంది. నేను ఆ బిళ్ళ తీసి వేలితో రుద్ది చూశాను. జిడ్డు. వాసన చూశాను. సైకిల్ చైను.

"తాతా, పలకలకి ఏటి రాసినావు?"

"నేనేటి రాసినాను? ఏటీ రాయనేదు." కాస్త ఆగాడు. "కొంచెం గ్రీజు పూసినాను, అంతే."

"గ్రీజా!"

"మరి? రెండు ఇనపలు ఎదురుబొదురు నొక్కుకుంతుంటే గ్రీజు లేకుండా వొదిలీస్తామా? వర్క్‌షాపులో అలాగ సేస్తే తంతారు."

ఇందులో నేను ఆశ్చర్యపోవాల్సిందేమీ లేదు. మా ఇంట్లో గేటు గడియకి గ్రీజు, కిటికీ బందులకి గ్రీజు, నా సైకిలుకైతే సీటు తప్ప అంతటా గ్రీజు. జారకుండా పట్టుకోవడమే పనిగా పెట్టుకున్న వస్తువుకి జీవితమంతా జారించడం నేర్చుకున్న మనిషి చెయ్యి తగిలింది. అంతే జరిగింది.

"నీ సెయ్యి బంగారంలాగ ఉన్నాది తాతా," అన్నాను. "ఆ గ్రీజు రైలు సక్రానికైతే ఈపాటికి కటక్ సేరిపోయేది."

ముందు అమ్మ నవ్వింది. తరవాత తాత. పొయ్యి మీద పప్పు మాడిన వాసన రాకపోతే ఇంకా నవ్వేవాళ్ళం.

కమాను వెంట్రుకల్ని స్పిరిట్‌లో తడిపిన గుడ్డతో, చెక్కకి తగలకుండా, నేను తుడిచాను. తాతని ముట్టుకోనివ్వలేదు, ఆయన వేళ్ళ మీద నాకు నమ్మకం పోయింది. పలకలు సబ్బుతో కడిగి ఆరబెట్టి, ఈసారి సంచి చుట్టూ బటర్ పేపరు మడిచాం. పేపరుంటే గ్రీజు అక్కర్లేకుండానే బిళ్ళ ఊడి వచ్చేస్తుంది. అయినా పలకలు దగ్గరవుతుంటే తాత చెయ్యి రెండుసార్లు గ్రీజు డబ్బా వైపు వెళ్ళింది. డబ్బా అమ్మ కొంగు కింద ఉంది.

రెండో బిళ్ళ మొదటిదంత అందంగా రాలేదు. ఒక అంచున బుడగ ఉండిపోయింది. తాత రుద్ది లాగాడు. మొదటి స్వరం గరగరమంది. రెండోది నిలబడింది. ఆయన ఇంకేం మాట్లాడకుండా మర్నాటి పాట మొత్తం వాయించేశాడు, తప్పులతో సహా.

ఆదివారం చర్చి నిండా గుమ్మడికాయలు, అరటిగెలలు, ఎవరో కట్టి తెచ్చిన రెండు కోళ్ళు. పాటలో కోళ్ళు కూడా పాలుపంచుకున్నాయి. తాత దగ్గలేదు. వయొలిన్ అరవలేదు. రెండో చరణంలో శ్రుతి ఓ వెంట్రుక తగ్గింది, నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. కీబోర్డు అన్నయ్య బటన్ నొక్కలేదు. పాటయ్యాక దగ్గరికొచ్చి, "తాతగారూ, ఏటి మార్సినారు? భలే పలికింది," అన్నాడు.

"పలక మార్సినాం," అన్నాడు తాత. దానర్థం ఆ అన్నయ్యకి ఈరోజుకీ తెలీదు.

ఇంటికొచ్చి చెప్పులు బయటే విప్పాడు. పెట్టె మంచం పక్కన పెట్టుకుని, వచ్చే వారం పాటలేవో కనుక్కోమన్నాడు. నేను ఫోన్ చేసి కనుక్కుని చెప్పాను.

రోజిన్ బిళ్ళని మూత గట్టిగా ఉన్న డబ్బాలో, ఎండ పడని చోట పెట్టుకోవాలి. లేకపోతే మెత్తబడి గుడ్డకి అతుక్కుంటుంది.